సవరల మాటకు చెవినిచ్చిన పంతులుగారు

ఏటా ఆగస్టు 29వ తేదీన మీ పిల్లలు బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి పూలదండ వేస్తారు. పుస్తకాల్లోని గ్రాంథికాన్ని కాదని, మనం ఇంట్లో మాట్లాడుకొనే తెలుగుకు గౌరవం తెచ్చిన మహనీయుడని ఉపన్యాసాలు వింటారు. అవన్నీ నిజమే. అయితే ఆ మహనీయుడు తన జీవితంలో నలభై ఏళ్లకు పైగా మరో భాషకు కూడా ధారపోశారని మనలో ఎందరికి తెలుసు? ఆ భాష తెలుగు కాదు, సంస్కృతం కాదు, ఇంగ్లీషు కాదు. మన సీతంపేట కొండలమీద, భద్రగిరి వైపు, పర్లాకిమిడి అవతల గుమ్మలలో సవరలు మాట్లాడుకొనే భాష. సంతలో మీ పక్కనే నిలబడి చింతపండు, అడ్డాకులు అమ్ముకొనేవారి భాష. ఈ వారం మీకు చెప్పదలచుకొన్నది ఆ కథే.

పంతులుగారు మన మతస్థులు కారు. అయినా ఒక మంచి పనిని చూసినప్పుడు, చేసినవాడు ఏ గుడికి వెళతాడని అడగకుండా నేర్చుకోవడం మనకు మేలు. పైగా ఆయన చేసిన పనికీ, మన శ్రీసభలో ఒక పునీతుడు చేసిన పనికీ దగ్గర పోలిక ఉంది. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

పర్వతాలపేట నుంచి పర్లాకిమిడికి

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో కన్నుమూశారు. అప్పటికి కొడుక్కి పన్నెండేళ్లు. తండ్రిలేని ఆ పిల్లవాడు బంధువుల అండతో విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకొన్నాడు. అదే బడిలో ఆయనతోపాటు చదివిన మరో కుర్రవాడు గురజాడ అప్పారావుగారు. ఇద్దరు స్నేహితులూ పెద్దయ్యాక తెలుగుకు ఏం చేశారో మీకు తెలిసిందే.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. చెప్పే పాఠం చరిత్ర. ఉద్యోగం చేసుకొంటూనే సొంతంగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు ప్యాసయ్యారు. చరిత్ర చెప్పే మాస్టారు కదా, పుస్తకంలో ఉన్నదానితో తృప్తిపడలేదు. ముఖలింగం గుడిరాళ్లమీద చెక్కిన శాసనాలను తానే స్వయంగా చదవడం నేర్చుకొన్నారు. ఎవరో చెబితే వినడం కాక, ఉన్నచోటికి వెళ్లి తన కళ్లతో చూడటం, తన చెవులతో వినడం ఆయన స్వభావం. ఆ స్వభావమే ఆయనను కొండ ఎక్కించింది.

కొండవారి భాష

పర్లాకిమిడి పట్టణానికి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. వారు ఉప్పుకు, గుడ్డకు పట్టణానికి దిగివచ్చేవారు. కోర్టులో, ఠాణాలో, షావుకారు కొట్లో వారి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. మధ్యలో ఒక దుబాసీ ఉండేవాడు. ఆ దుబాసీ ఏం చెబితే అదే సవర చెప్పినట్టు. అతడు ఒక మాట మింగినా, ఒక మాట కలిపినా అడిగేవారు లేరు. తమ పిల్లలను బడికి పంపుదామంటే బడిలో చెప్పేది తెలుగో, ఒరియానో, ఇంగ్లీషో. సవర పిల్లకు మొదటి రోజే నోరు మూతపడిపోయేది.

రామమూర్తిగారికి ఇది నచ్చలేదు. పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలి అనుకొన్నారు. అప్పటికి ఆ భాషకు తగిన వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని, అతని దగ్గర శిష్యుడిలా కూర్చొని నేర్చుకోవడం మొదలుపెట్టారు. పందొమ్మిదో శతాబ్దం చివరి రోజులవి. ఒక బ్రాహ్మణ పంతులు తన ఇంట్లో అలాంటి మనిషికి చోటిచ్చి, అతన్ని గురువుగా భావించడం అప్పటి పట్టణంలో చిన్న సంగతి కాదు. మీరే ఒకసారి ఆలోచించండి. ఈనాటికీ మన ఇళ్లలో కొండనుంచి వచ్చిన మనిషికి ఎక్కడ కూర్చోమని చెబుతాం?

ఇంట్లో నేర్చుకొన్నది చాలదని సెలవుల్లో కొండలకు వెళ్లేవారు. సవర గూడేల్లో ఉండి కథలు, పాటలు, మంత్రాలు, తిట్లు, దీవెనలు, పిల్లల ఆటపాటలు అన్నీ రాసుకొన్నారు. ఆ రోజుల్లో మన ఏజెన్సీ కొండల్లో మలేరియా అంటే ప్రాణాలమీదికి వచ్చిన జ్వరమే. ఆయనకూ వచ్చింది. దానికి మందు క్వినైనా. ఎక్కువగా వాడితే చెవులు దెబ్బతింటాయి. రామమూర్తిగారికి అదే జరిగింది. జ్వరం తగ్గింది కాని వినికిడి పోతూ వచ్చింది. ఒక జాతి మాట వినడానికి కొండెక్కిన మనిషి, ఆ వినికిడినే అక్కడ వదిలి దిగివచ్చాడు. మరొకరైతే అక్కడితో ఆపేవారు. ఆయన ఆపలేదు.

ఒక్క మాటలో పులీ, పిల్లవాడూ

మీలో కొందరు అడగవచ్చు, ఒక భాష నేర్చుకోవడానికి అన్నేళ్లు ఎందుకు, నాలుగు వందల మాటలు రాసుకొంటే చాలదా అని. చాలదు. ఎందుకు చాలదో తెలుసుకొంటే పంతులుగారి శ్రమ విలువ మీకు తెలుస్తుంది. కాస్త ఓపికగా చదవండి, కష్టమేమీ కాదు.

మన తెలుగులో వచ్చాను అంటే వచ్చినది నేను. వచ్చావు అంటే నువ్వు. వచ్చాడు అంటే అతడు. పని చేసిందెవరో క్రియ చివరి చిన్న ముక్కే చెప్పేస్తుంది. కాని ఆ పని ఎవరికి జరిగిందో మన క్రియ చెప్పదు. కొట్టాను అంటే ఎవరిని అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నిన్ను అనో, వాణ్ణి అనో వేరే మాట చెప్పాలి.

సవర భాషలో అలా కాదు. అక్కడ నేను అనడానికి ఞెన్, నువ్వు అనడానికి అమన్, అతడు అనడానికి అనిన్ అని విడి మాటలు ఉన్నాయి. కాని వాక్యంలోకి వచ్చేసరికి ఈ మాటలు చిన్న ముక్కలైపోయి క్రియలోనే దూరిపోతాయి. నన్ను, నాకు అన్నది ఇఞ్ అవుతుంది. నిన్ను అన్నది అమ్ అవుతుంది. వస్తువుల పేర్లు కూడా పొట్టివైపోయి అదే క్రియలో ఇమిడిపోతాయి.

ఒక ఉదాహరణ చూడండి. సాయంత్రం వేళ అడవివైపు పోతున్న పిల్లవాణ్ణి తల్లి హెచ్చరిస్తుంది. మనమైతే నిన్ను పులి పట్టుకొంటుంది అని మూడు మాటలు అంటాం. సవర తల్లి ఒక్క మాట అంటుంది: ఞమ్‌కిద్‌తమ్. ఇందులో ఞమ్ అంటే పట్టుకోవడం. కిద్ అంటే పులి. తరువాతి త్ ఇకముందు జరగబోయేదని చెబుతుంది. చివరి అమ్ అంటే నిన్ను. పులీ, పిల్లవాడూ, పట్టుకోవడమూ అన్నీ ఒకే మాటలో.

ఇప్పుడు మైదానంనుంచి వెళ్లిన ఒక ఉద్యోగిని ఊహించుకోండి. అతని కాగితంమీద పులి అంటే కిన అని, నువ్వు అంటే అమన్ అని రాసి ఉంది. అతడు ఈ మాట విన్నాడు. అందులో కిన వినపడదు, ఎందుకంటే అది కిద్ అయింది. అమన్ వినపడదు, ఎందుకంటే అది అమ్ అయింది. రాసుకొన్న మాటలన్నీ జేబులో ఉన్నా అతనికి ఏమీ అర్థం కాదు. పులి వస్తోందని చెప్పినా తెలియదు.

మరో మాట. అన్నం తెచ్చి నాకు పెడతాడు అనడానికి సవరలో పఙ్‌తిదరిఞ్‌తెన్ అంటారు. పఙ్ తేవడం, తి ఇవ్వడం, దర్ అన్నం, ఇఞ్ నాకు. తెచ్చేవాడు, పెట్టేది, తినేవాడు ముగ్గురూ ఆ మాట లోపలే ఉన్నారు. ఇంకా గమనించండి. నాకు అనే ఇఞ్ కాలాన్ని చెప్పే ముక్కకు ముందు వచ్చింది. పులి మాటలో నిన్ను అనే అమ్ దాని తరువాత వచ్చింది. ఇలాంటి తేడాలు ఒక రోజులో దొరికేవి కావు. వందల వాక్యాలు వినాలి, రాసుకోవాలి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి.

ఇది పండితుల ముచ్చట మాత్రమే అనుకోకండి. ఠాణాలో ఒక సవర నిలబడి తనను ఎవరో పొడిచారని చెప్పుకొంటున్నాడు. పొడవడం, పొట్ట, కత్తి, ఎవరిని అన్నది నాలుగూ ఒకే మాటలో పట్టే భాష అది. ఆ చివరి చిన్న ముక్కను దుబాసీ పట్టుకోలేకపోతే పొడిచినవాడు పొడిపించుకొన్నవాడవుతాడు. ఎవరు ఎవరికి ఏం చేశారు అన్నది ఆ చిన్న ముక్కలో ఉంటుంది. న్యాయం అక్కడ ఉంటుంది. రామమూర్తిగారు వినికిడి పోతున్నా పట్టుదలగా వెతికింది ఇలాంటి ముక్కలనే.

బడి, పుస్తకం, వ్యాకరణం

నేర్చుకొన్నది తన దగ్గరే దాచుకోలేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. కథలు, పాటలు పుస్తకాలుగా తెచ్చారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, మాస్టర్లకు జీతాలు కూడా తానే ఇచ్చారు. పెద్ద సంసారం గల బడిపంతులు చేసిన పని ఇది. ఆ బడుల్లో పిల్లలకు మొదటి పాఠం వారి సొంత భాషలోనే. ఇంటి భాషలో మొదలైన చదువు పిల్లవాడికి ఒంటపడుతుందని ఈనాడు విద్యావేత్తలు చెబుతున్నారు. ఆయన దాన్ని మన కొండల్లో నూరేళ్లకు పైగా క్రితమే చేసి చూపారు.

1909లో థర్‌స్టన్ దొరగారు దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి పెద్ద గ్రంథం అచ్చువేసినప్పుడు సవరల గురించిన భాగానికి పంతులుగారు ఇచ్చిన సమాచారం ఎంతో ఉపయోగపడింది. 1911లో ముప్పై ఏళ్ల ఉద్యోగం ముగించి ఆయన విరమించుకొన్నారు. 1913లో ప్రభుత్వం ఆయన సేవకు బిరుదునిచ్చింది. ఆ రోజుల్లోనే వాడుక తెలుగు కోసం పోరాటం కూడా నెత్తికెత్తుకొన్నారు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. 1919లో తెలుగు అనే పత్రిక కూడా నడిపారు. ఎదుటివారి వాదం చెవికి సరిగా వినపడకపోయినా, పాత పుస్తకాలనుంచి ఉదాహరణలు తీసి జవాబు చెప్పేవారు.

ఈ రెండు పనులూ వేర్వేరు అనుకోకండి. సవర గూడెంలో నేర్చుకొన్న పాఠమే తెలుగు సభల్లోనూ ఆయన చెప్పారు. లిపి లేని, పుస్తకం లేని భాషకు కూడా కచ్చితమైన నియమాలు ఉన్నాయని ఆయన తన చెవులతో విన్నారు. అలాంటప్పుడు రైతు మాట్లాడే తెలుగు నియమంలేని భాష అని పండితులంటే ఆయన ఎలా ఒప్పుకొంటారు?

మద్రాసు ప్రభుత్వం 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేసింది. వ్యాకరణం వెలువడేనాటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. సవర భాష మన తెలుగు కుటుంబానికి చెందినది కాదు. అది ముండా భాషల్లో ఒకటి. దూరాన ఉన్న కంబోడియా, వియత్నాం భాషలు దానికి చుట్టాలు. అటువంటి భాషను ఒక తెలుగు పంతులు లోపలికంటా చూసి రాసిన ఆ పుస్తకాన్ని ఆ తరువాత సవరపై పరిశోధించినవారు నేటికీ తెరిచి చూస్తున్నారు. 1930లలో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

ఆయన చివరి రోజుల్లో ఒక బాధ కలిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. దానికి ఆయన ఒప్పుకోలేదు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని, సొంత ఇంటిని వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే 1936లో కొండల్లో మరో సంగతి జరిగింది. మంగెయ్ గొమాంగో అనే సవర తన జాతివారికోసం ఒక లిపిని సొంతంగా రూపొందించాడు. తమ భాషకు గౌరవముందని సవరలే చాటుకొన్నారు. రామమూర్తిగారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఆయన కుమారుడు సీతాపతిగారు కూడా తండ్రి బాటలోనే సవర భాషకు సేవ చేశారు.

తండ్రి అంటే ఎవరి తండ్రి?

ఇప్పుడు మన శ్రీసభ పునీతుని సంగతి. ఆయన పేరు జాన్ బ్రెబెఫ్. ఫ్రాన్సు దేశస్థుడు, యేసుసభ గురువు. 1593లో పుట్టారు. 1625లో సముద్రం దాటి కెనడా చేరి, అక్కడి వెండాట్ అనే తెగవారి మధ్య జీవించారు. ఫ్రెంచివారు వారిని హ్యూరన్లు అని పిలిచేవారు. పంతులుగారిలాగే ఈయన కూడా పుస్తకంలేని భాషను వారి గుడిసెల్లో కూర్చొని నేర్చుకొన్నారు.

వెండాట్ భాషలోనూ క్రియలో మనుషులు దాగి ఉంటారు. సవరలో క్రియ వెనుకవైపు చేరితే, వెండాట్‌లో ముందువైపు చేరతారు. ఆయన కూర్చారని చెప్పుకొనే ఒక క్రిస్మస్ పాట ఉంది. దాని పేరు జెసూస్ అహతొన్యా, అంటే యేసు జన్మించాడు అని. ఆ రెండో మాట మొదట్లోని హ అనే ముక్కే అతడు అని చెబుతుంది. ఎవరు, ఎవరిని అన్న రెండు సంగతులనూ ఒక్క ముక్కే చెప్పే సందర్భాలు కూడా ఆ భాషలో ఉన్నాయి.

బ్రెబెఫ్‌గారికి చిక్కు ఎక్కడ వచ్చిందో తెలుసా? సిలువ గుర్తు దగ్గర. మనం పితకు, పుత్రునకు, పవిత్రాత్మకు పేరు చెప్పి నుదుట సిలువ వేసుకొంటాం. వెండాట్ భాషలో ఉత్తి తండ్రి అనే మాట లేదు. ఎవరి తండ్రో చెప్పకుండా ఆ మాట నోట రాదు. నా తండ్రి అనాలి, నీ తండ్రి అనాలి, అతని తండ్రి అనాలి. కొడుకు అన్నా అంతే. మరి సిలువ గుర్తు ఎలా నేర్పడం? 1636లో ఆయన తన పెద్దలకు రాసి పంపిన నివేదికలో ఈ ప్రశ్న అడిగారు. మంచి మాట దొరికేవరకు మన తండ్రి, ఆయన కుమారుడు, వారి పవిత్రాత్మ అని చెప్పించవచ్చునా అని సలహా కోరారు.

మరో చిక్కు ఇంకా సున్నితమైనది. ఆ తెగవారికి చనిపోయిన తమవారి ప్రస్తావన తేవడం పెద్ద అవమానం. తండ్రిని పోగొట్టుకొన్నవాడితో నీ తండ్రి అని మాట్లాడితే గాయాన్ని కెలికినట్టే. అటువంటి వ్యక్తిచేత పరలోక జపం ఎలా చెప్పించాలి? బ్రెబెఫ్‌గారు ఈ బాధను గుర్తించారు. తొందరపడి తన మాటను వారి నోట్లో కుక్కలేదు. వారి భాష ఎక్కడ ఒప్పుకొంటుంది, వారి మనసు ఎక్కడ నొచ్చుకొంటుంది అని ముందు విన్నారు.

మనకు ఈ చిక్కు పూర్తిగా కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో పరాయివారితో మాట్లాడేటప్పుడు మా అయ్య, మీ అమ్మ అంటాం గాని ఉత్తి అయ్య, ఉత్తి అమ్మ అనం. పరలోక జపంలో కూడా దేవుణ్ణి పిలిచేటప్పుడు మా అంటాం, మన అనం. ఎందుకు? దేవునితో మాట్లాడుతున్నాం కాబట్టి. మనలో మనం చెప్పుకొనేటప్పుడు ఆయన మన తండ్రి. ఈ తేడా ఫ్రెంచిలో లేదు, ఇంగ్లీషులో లేదు. వెండాట్ భాషలో ఉంది, మన తెలుగులో ఉంది. మీ పిల్లలకు సత్యోపదేశం చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి, ఆ జపం వారికి కొత్తగా వినిపిస్తుంది.

బ్రెబెఫ్‌గారిని 1649 మార్చి 16న యుద్ధంలో పట్టుకొన్న శత్రువులు హింసించి చంపారు. 1930లో పదకొండవ పయస్ పాపుగారు ఆయనను, తోటి వేదసాక్షులను పునీతులుగా ప్రకటించారు. అక్టోబరు 19న వారి పండుగ. అంటురోగాలతో, యుద్ధాలతో వెండాట్ ప్రజలు చెల్లాచెదురయ్యారు. వలసవచ్చినవారితోపాటే ఆ రోగాలూ వచ్చాయన్నది మనం దాచకూడని సత్యం. కాలక్రమాన వారి భాష కూడా మూగబోయింది. మాతృభాషగా మాట్లాడేవారు మిగలలేదు. కాని యేసుసభ గురువులు రాసిపెట్టిన వ్యాకరణాలు, నిఘంటువులు మిగిలాయి. ఈనాడు క్విబెక్ నగరం దగ్గర వెండాకే అనే ఊళ్లో ఆ ప్రజల వారసులు ఆ పాత రాతప్రతుల సాయంతోనే తమ భాషను తిరిగి నేర్చుకొంటున్నారు, పిల్లలకు నేర్పుతున్నారు. జపాలు నేర్పడానికి రాసుకొన్న పుస్తకాలు ఒక జాతికి పోయిన నోటిని తిరిగి ఇచ్చే పనికి వచ్చాయి.

మన విచారణల్లో

సవర భాషకు అంత దుస్థితి రాలేదు. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది సవరను తమ మాతృభాషగా చెప్పుకొన్నారు. అయితే బడిలో, బస్సులో, టీవీలో, ఉద్యోగంలో అంతటా పెద్ద భాషలే. సవర పిల్లలు మైదానంలోకి రాగానే తమ భాష మాట్లాడటానికి సిగ్గుపడటం మీరూ చూసే ఉంటారు. ఆ సిగ్గు వారికి పుట్టుకతో రాలేదు. మనం నవ్వితే వచ్చింది.

1993లో ఏర్పడిన మన శ్రీకాకుళం మేత్రాసనంలో మైదానమూ ఉంది, కొండా ఉంది. ఆదివారం దివ్యబలిపూజకు ఇద్దరూ ఒకే గుడిలో మోకరిస్తారు. ఒకప్పుడు మన తాతలు లాతీనులో పూజ విన్నారు. గురువు ఏమంటున్నారో తెలియక జపమాల తిప్పుకొంటూ కూర్చొన్నారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో తలుపు తెరిచాక మన తెలుగు పీఠంమీదికి వచ్చింది. ఆనాడు మన తాతలకు కలిగిన సంతోషం ఇంకా కలగనివారు మన వెనుక వరుసలో కూర్చొని ఉండవచ్చు. పెంతెకోస్తునాడు యెరూషలేములో గుమికూడినవారంతా ఎవరి భాషలో వారు సువార్త విన్నారని మనకు తెలుసు. పవిత్రాత్మ అందరికీ ఒకే భాష నేర్పించలేదు. అపోస్తలులకే అందరి భాషలు ఇచ్చాడు. నేర్చుకోవలసిన భారం చెప్పేవారిమీద పడింది, వినేవారిమీద కాదు.

కాబట్టి ప్రియ పాఠకులారా, మీ ఊరికి కొండనుంచి వచ్చే కుటుంబాన్ని ఈసారి కలిసినప్పుడు వారి పేరు అడగండి. అన్నం అని, నీళ్లు అని, అమ్మ అని వారి భాషలో ఏమంటారో అడగండి. మీరు తప్పుగా పలికితే వారు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎప్పుడూ మన నవ్వే వారు భరించారు కదా. ఉపదేశులకు, మాస్టర్లకు, మఠకన్యలకు ఒక మనవి. సవర పిల్లలు ఇంట్లో తమ భాషలో ప్రార్థించుకొంటే అడ్డుపడకండి, ప్రోత్సహించండి. ఆ భాషలో తండ్రికి ఏ ముక్క చేరుతుందో, మాకు అన్నది ఎక్కడ వస్తుందో వారి పెద్దలనే అడిగి తెలుసుకోండి. వారే మీకు గురువులు.

రామమూర్తి పంతులుగారు చెవులు పోగొట్టుకొని కూడా విన్నారు. మనకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి. వినే మనసును దయచేయమని మనందరి తండ్రిని వేడుకొందాం.